వెసాలియస్ బల్ల మీద

1543లో రెండు పుస్తకాలు అచ్చయ్యాయి. ఒకటి నూరెంబర్గ్‌లో, కోపర్నికస్‌ది. రెండోది బాసెల్‌లో, ఆండ్రియాస్ వెసాలియస్‌ది. మొదటిది భూమిని విశ్వం నడిమధ్య నుంచి తప్పించిందని బడిపిల్లలకు కూడా తెలుసు. రెండోదాని గురించి వైద్యం చదివినవాళ్ళకు కూడా తెలిసేది ఒక్క ముక్కే: గాలెన్ చెప్పింది తప్పని శవాన్ని కోసి చూపించాడని. నేనూ అంతే చదువుకున్నాను. మానవ శరీర నిర్మాణం మీద ఆయన లాటిన్‌లో రాసిన ఆ ఏడు భాగాల గ్రంథాన్ని, 2014లో వచ్చిన గారిసన్, హాస్ట్‌ల ఇంగ్లీషు అనువాదంలో ఇన్నాళ్ళకు తీరిగ్గా చదివాక, ఆ ముక్క సగమే నిజమనిపించింది.

వెసాలియస్ గాలెన్‌ని అవతల పారేసినవాడు కాడు, గాలెన్‌ని అందరికన్నా శ్రద్ధగా చదివినవాడు. గాలెన్ గ్రీకు మూలాలు 1525లో వెనిస్‌లో అచ్చయ్యాయి. శవాన్ని ఎలా కోయాలో చెప్పే గాలెన్ పుస్తకాన్ని 1531లో లాటిన్‌లోకి తెచ్చిన గుంటర్, పారిస్‌లో వెసాలియస్‌కి గురువు. 1541లో వెనిస్‌లో వెలువడిన గాలెన్ లాటిన్ సంపుటాల్లో కొన్నిటిని సరిచూసింది వెసాలియసే. మనవాళ్ళు నాలుగు తాళపత్ర ప్రతులు ముందేసుకుని ఏ పాఠం సరైనదో తేల్చినట్టే ఆయనా చేశాడు. కాకపోతే ఆయన ముందున్న ప్రతుల్లో ఒకటి మనిషి శరీరం.

అలా పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు బయటపడ్డాయి. కింది దవడ రెండు ఎముకలని గాలెన్ అన్నాడు. మనిషిలో ఒక్కటే ఉంది. రొమ్ము ఎముకలో ఏడు భాగాలన్నాడు, మూడే కనిపించాయి. అంటే గాలెన్ అబద్ధమాడాడని కాదు. ఆయన కోసింది కోతుల్ని, పందుల్ని, ఎద్దుల్ని. చూసింది ఉన్నదున్నట్టే రాశాడు, దాన్ని మనిషికి అంటగట్టాడు. ఈ సంగతి పట్టుకోవడానికి కత్తి ఒక్కటే చాలదు, పుస్తకం కూడా బాగా వచ్చుండాలి. పారిస్‌లో ఇంకో గురువు సిల్వియస్‌కి ఇది మింగుడు పడలేదు. 1551లో శిష్యుడి పేరును ‘పిచ్చివాడు’ అనే అర్థమొచ్చేలా మార్చి ఒక పుస్తకమే రాశాడు. గాలెన్ కాలం నుంచి మనిషి శరీరమే మారిపోయిందని వాదించాడు కానీ గాలెన్ పొరబడ్డాడని మాత్రం ఒప్పుకోలేదు.

అయితే వెసాలియస్ కళ్ళు కూడా అన్నిచోట్లా తెరుచుకోలేదు. గుండె కుడి గదిలోంచి ఎడమ గదిలోకి నెత్తురు గోడలోని సన్నటి రంధ్రాల గుండా ఇంకుతుందని గాలెన్ సిద్ధాంతం. వెసాలియస్ వెతికాడు, కనపడలేదు. 1543లో సృష్టికర్త పనితనానికి ఆశ్చర్యపడి ఊరుకున్నాడు. 1555 కూర్పులో గానీ తన అనుమానాన్ని గట్టిగా బయటపెట్టలేదు. ఇక స్త్రీ జననేంద్రియాల బొమ్మ చూస్తే, పురుషాంగాన్నే తిరగేసి వేసినట్టుంటుంది. పాత పుస్తకాలు స్త్రీ శరీరం అలాగే ఉంటుందని చెప్పాయి, ఈయనకూ అలాగే కనిపించింది. కళ్ళారా చూడటం మనం అనుకున్నంత తేలికైన పని కాదు.

నన్ను ఎక్కువసేపు ఆపింది ముఖచిత్రం. అంతకుముందు ఆచార్యుడు ఎత్తయిన పీఠం మీద పుస్తకం చదువుతుంటే కింద మంగలి శవాన్ని కోసేవాడు. ఇక్కడ వెసాలియస్ తానే బల్ల పక్కన నిలబడి కోస్తున్నాడు. మంగళ్ళు బల్ల కిందికి పోయారు. చుట్టూ కిక్కిరిసిన జనం, ఒక పక్క కోతి, ఇంకో పక్క కుక్క. అందరికీ పైన ఒక అస్థిపంజరం. బల్ల మీద ఉన్నది ఒక స్త్రీ, పొట్ట చీల్చి ఉంది. ఉరి తప్పించుకోడానికి కడుపుతో ఉన్నానని చెప్పిన ఒక ఆమె గురించి, ఆ మాట నిజం కాదని మంత్రసానులు తేల్చిన సంగతి గురించి వెసాలియస్ పుస్తకంలో రాశాడు. పాడువాలో ఒక సన్యాసి ఉంపుడుగత్తె శవాన్ని శిష్యులు సమాధిలోంచి ఎత్తుకొచ్చి, బంధువులు గుర్తుపట్టకుండా చర్మం ఒలిచేశారనీ రాశాడు. దాచుకోవాల్సిన సంగతిలా కాదు, కుర్రాళ్ళ చొరవకి మురిసిపోతున్నట్టు. ఆ ఆడవాళ్ళ పేర్లు మాత్రం రాయలేదు. అంత గొప్ప బొమ్మలు చెక్కించాడా, ఆ చిత్రకారుల పేర్లూ పుస్తకంలో లేవు.

నా మొదటి ఏడాది అనాటమీ హాల్లో మా బల్ల మీద ఒక ముసలాయన ఉండేవాడు. ఎవరూ తీసుకెళ్ళని అనాథ శవం. మేం ఎనిమిది మందిమి. ఆయనకో ముద్దుపేరు పెట్టుకుని, ఏడాదంతా ఆయన చేతినరాల మీద మార్కులు తెచ్చుకున్నాం. ఏ ఊరాయనో ఎవ్వరం అడగలేదు. అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారో లేదో కూడా మాకు తెలీదు. ఇప్పుడు తమ శరీరాన్ని తామే రాసిచ్చేవాళ్ళు ఉన్నారు. ఆ మార్పు చిన్నది కాదు.

అందుకే వెసాలియస్‌ని తిరుగుబాటు వీరుడిగా చెప్పే కథ నాకిప్పుడు చప్పగా అనిపిస్తోంది. గురువుని గౌరవిస్తూనే దిద్దడం ఎలాగో ఈ పుస్తకంలో నేర్చుకోవచ్చు. చూపు ఎక్కడ ఆగిపోతుందో కూడా ఇందులోనే నేర్చుకోవచ్చు. ముఖచిత్రాన్ని ఇంకోసారి చూడండి. ఆ గుంపులో ఆవిడ ముఖం వైపు చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతకండి. నేను చాలాసేపు వెతికాను.