వలస పాలన నాటి భూమి దస్తావేజులు, కుటుంబ చరిత్ర: బోయిగూడ నేపథ్యంలో ఆకర విమర్శ

వ్యాససంగ్రహం

కుటుంబ చరిత్రను పునర్నిర్మించేవారు భూమి దస్తావేజులను, ఇనాం రిజిస్టర్లను, విరాసత్ ఫైళ్లను తిరుగులేని సాక్ష్యాలుగా స్వీకరించడం పరిపాటి. శిస్తు వసూలు, హక్కుల నిర్ధారణ, వారసత్వ వివాదాల పరిష్కారం కోసం పుట్టిన ఈ కాగితాలలో బంధుత్వం ఆయా అవసరాల మేరకే నమోదైంది. సికింద్రాబాద్‌లోని బోయిగూడను నేపథ్యంగా తీసుకొని ఈ ఆకరాల స్వభావాన్ని, వాటిలోని పేర్లు, కులసూచనలు, వంశవృక్షాల విశ్వసనీయతను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సొంత భూమి లేని కుటుంబాల జాడను ఇతరుల దస్తావేజుల హద్దులలో, సాక్షి సంతకాలలో వెతకవచ్చునని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బోయిగూడ, సికింద్రాబాద్, భూమి దస్తావేజులు, విరాసత్, వంశవృక్షం, ఆకర విమర్శ.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు చేరువలోని బోయిగూడ పేరును పల్లకీలు మోసిన బోయీలతో ముడిపెట్టి చెప్పడం వాడుకలో ఉంది. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం తరువాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఈస్టిండియా కంపెనీ దండు విడిసింది. 1806లో ఆ ప్రాంతానికి మూడవ నిజాం సికందర్ జా పేరు మీదుగా సికింద్రాబాద్ అనే పేరు వచ్చింది. దండు నిలిచిన చోట దొరలతో పాటు వారి పల్లకీలు మోసేవారు, నీళ్లు తెచ్చేవారు, గుర్రాలకు గడ్డి కోసేవారు, బట్టలు ఉతికేవారు కూడా కాపురాలు పెడతారు. వృత్తి పేరుతో ఒక పేట నిలవడంలో ఆశ్చర్యం లేదు.

అలాంటి పేటలో తరతరాలుగా నివసిస్తున్న కుటుంబం తన పూర్వీకుల గురించి తెలుసుకోవాలంటే ఏ కాగితాన్ని ఆశ్రయించాలి? పాత దస్తావేజులు చూడమనడం సాధారణంగా వచ్చే సమాధానం. భూమి ఉన్నవారికి ఈ సమాధానం చాలావరకు సరిపోతుంది. పేటకు పేరిచ్చిన శ్రామికులకు మాత్రం ఇది తొలి మెట్టులోనే అడ్డం తిరుగుతుంది. దస్తావేజు లేని కుటుంబానికి చరిత్ర లేదనే నిర్ధారణకు పరిశోధకుడు తెలియకుండానే చేరుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. కుటుంబ చరిత్ర కేవలం ఉబలాటం తీర్చుకునే విషయం కూడా కాదు. నివాస హక్కు, ఆస్తిలో వాటా, కుల నిర్ధారణ వంటి విషయాలలో పాత కాగితంలోని ఒక్క మాట నేటికీ నిర్ణాయకమవుతూనే ఉంది. అందువల్ల ఆ మాట ఎవరు, ఎందుకు రాశారో విచారించడం అవసరం.

2. రెండు ప్రభుత్వాల నడుమ ఒక పట్టణం

సికింద్రాబాద్ నేల మీద సార్వభౌమాధికారం నిజాంది, పరిపాలన బ్రిటిష్ రెసిడెంటుది. దండు వెలుపలి పట్టణ భాగం 1945లో తిరిగి నిజాం ప్రభుత్వానికి దక్కింది. 1960లో సికింద్రాబాద్ పురపాలన హైదరాబాద్ పురపాలక సంస్థలో విలీనమైంది. ఈ లెక్కన ఒకే కుటుంబంలోని తాత, తండ్రి, కొడుకు ఒకే పట్టణంలో ఉంటూనే మూడు వేర్వేరు అధికారాల లెక్కలలోకి ఎక్కి ఉండవచ్చు.

ఈ కారణంగా ఆకరాలు కూడా చెదిరిపోయాయి. హైదరాబాద్ రెసిడెన్సీ పత్రాలు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఇండియా ఆఫీసు రికార్డులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నిజాం ప్రభుత్వపు దఫ్తరాలు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వీటిలో అధిక భాగం ఫార్సీ, ఉర్దూ భాషలలో ఉంది. రిజిస్టరైన దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో ఉంటాయి. ఒక్క చోట వెతికి దొరకలేదంటే ఆ ఒక్క ప్రభుత్వం నమోదు చేయలేదనో, నమోదు చేసినది అక్కడ మిగల్లేదనో మాత్రమే చెప్పగలం.

తేదీల విషయంలోనూ జాగ్రత్త తప్పదు. హైదరాబాద్ సంస్థానపు ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ మాసంతో మొదలయ్యేది. మద్రాసు ప్రెసిడెన్సీ ఫస్లీ జూలై 1న మొదలయ్యేది. 1945 ఆగస్టులో జరిగిన ఒక క్రయం మద్రాసు లెక్కలో 1355 ఫస్లీకి, హైదరాబాద్ లెక్కలో 1354 ఫస్లీకి చెందుతుంది. ఒక సంవత్సరపు తేడాతో మరణానంతర క్రయం మరణానికి ముందరిదైపోవచ్చు, వారసుడు కొనుగోలుదారుగా కనిపించవచ్చు. పైకం హాలీ సిక్కాలో రాశారా, కల్దార్ రూపాయల్లో రాశారా అన్నది కూడా ఏ అధికార పరిధిలోని వ్యవహారమో ఊహించడానికి ఒక ఆనవాలు.

దండు నేలల్లో మరొక చిక్కు ఉంది. అక్కడి ‘ఓల్డ్ గ్రాంట్’ పద్ధతిలో కట్టడం నివాసిది, నేల ప్రభుత్వానిది. ఇల్లు అమ్మిన కాగితం దొరికినంత మాత్రాన ఆ కుటుంబం భూస్వామ్య హక్కు కలిగి ఉండేదని రాయడం పొరపాటు అవుతుంది.

3. చట్టం అడిగిన వివరాలు

రిజిస్టరైన దస్తావేజులో మనిషి వివరాలు యాదృచ్ఛికంగా చేరవు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదటి రూపంలో, పత్రంలో పేర్కొన్న వ్యక్తి నివాసం, వృత్తి, హోదా తెలపాలని నిర్దేశించింది. భారతీయుడైతే కులాన్ని, తండ్రి పేరును కూడా కోరింది. తల్లి పేరుతో వ్యవహరించే ఆచారం ఉన్నవారికి తల్లి పేరు రాయవచ్చు. కులం ప్రస్తావన స్వాతంత్ర్యానంతర సవరణతో తొలగిపోయింది.

వంశ పరిశోధకుడికి ఈ నిబంధన పెద్ద వరం. ఒక్క కాగితంలో రెండు తరాల పేర్లు దొరుకుతాయి. వ్యక్తుల పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక మరొకటి ఉండటం వల్ల మనిషిని బట్టి, స్థలాన్ని బట్టి కూడా వెతకవచ్చు. స్థిరాస్తి పత్రాల పుస్తకాన్ని ఎవరైనా రుసుము చెల్లించి చూడవచ్చు. వీలునామాల నకళ్లు రాసినవారి మరణానంతరం ఎవరు కోరినా పొందవచ్చు.

అయితే ఇదే నిబంధన ఒక అసమానతను కూడా బయటపెడుతుంది. కులం, తండ్రి పేరు అనే గడులు భారతీయుడికి మాత్రమే విధించినవి. ఆ గడిలో పడిన మాట ఆ మనిషి తన గురించి తాను చెప్పుకున్నదో, దస్తావేజు రాసిన లేఖకుడు తనకు తెలిసిన మాటలో సర్దినదో కాగితం చెప్పదు. చదువురాని వ్యక్తి వేలిముద్ర కింద ఉన్న కులనామం లేఖకుడి ఎంపిక అయి ఉండే అవకాశాన్ని పరిశోధకుడు ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

4. వల్ద్, జౌజె, ఉర్ఫ్: పేరు మారే తీరు

తెలుగు కుటుంబాన్ని తరాల వెంట పట్టి ఉంచేది ఇంటిపేరు. నిజాం కాలపు ఉర్దూ రికార్డులలో మనిషిని గుర్తించే పద్ధతి వేరు. ఫలానా వల్ద్ ఫలానా అని తండ్రి పేరుతో రాస్తారు. ఇంటిపేరు చాలాచోట్ల కనిపించదు. ఇంగ్లీషు పత్రాలకు వచ్చేసరికి అదే ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. ఒకే తాత పేరును మనవలకు పెట్టుకునే ఆచారం ఉన్న కుటుంబంలో ‘మల్లయ్య వల్ద్ రాజయ్య’, ‘రాజయ్య వల్ద్ మల్లయ్య’ అనే రెండు నమోదులు తండ్రీకొడుకులవి కావచ్చు, తాతా మనవలవి కావచ్చు, ఏ సంబంధమూ లేని రెండు కుటుంబాలవీ కావచ్చు. పేరు కలిసిందని వంశవృక్షానికి కొమ్మ అతికించడం ఈ రంగంలో తరచుగా జరిగే తప్పిదం.

స్త్రీల విషయంలో మౌనం మరింత దట్టం. భర్త బతికి ఉన్నంతకాలం భూమి కాగితాలలో స్త్రీ కనిపించడం అరుదు. భర్త పేరు పక్కన ‘ఫౌతీ’ అని పడిన తరువాత విరాసత్ విచారణలో ఆమె ఫలానా ‘జౌజె’గా, అంటే ఫలానావారి భార్యగా ప్రత్యక్షమవుతుంది. ఆమె పుట్టింటి ఊరు, పుట్టింటి పేరు మరుగునే ఉండిపోతాయి. దస్తావేజులు మాత్రమే ఆధారంగా గీసిన వంశవృక్షంలో సగం మనుషులు పుట్టింట లేకుండా మిగలడం ఈ ఆకర స్వభావం వల్ల ఏర్పడిన లోపం.

లిపి కూడా ఒక సమస్య. తెలుగులో ‘బోయిగూడ’ అని రాసే పేరు ఉర్దూ, ఇంగ్లీషు రూపాలలో ‘భోయి’ అనే ఒత్తు అక్షరంతో కనిపిస్తుంది. సూచికలలో ఒకే రూపం కింద వెతికినవారికి రెండవ రూపం కింద ఉన్న పత్రాలు తప్పిపోతాయి. ‘ఉర్ఫ్’ తరువాత వచ్చే పిలుపు పేరు కొన్నిసార్లు అసలు పేరు కంటే విలువైన ఆధారం. ఇంట్లో పెద్దలు గుర్తుంచుకునేది ఆ పేరునే.

5. వంశవృక్షం ఎవరి కోసం?

పాత ఫైళ్లలో సిద్ధంగా గీసిన వంశవృక్షం దొరికితే పరిశోధకుడికి పండుగే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారు చేయించిన రిజిస్టర్లలో దాత ఎవరు, మొదటి గ్రహీత ఎవరు, నాటి అనుభవదారుకు అతనితో గల బంధుత్వం ఏమిటి వంటి వివరాలు ఉంటాయి. హైదరాబాద్ సంస్థానంలో ఇనాంలు, జాగీర్ల విచారణ అనంతరం జారీ అయిన ముంతఖబ్‌లు, వారసత్వ విచారణల ఫైళ్లు ఇలాంటివే. 1952 నాటి హైదరాబాద్ అతియాత్ విచారణల చట్టం ఈ సంప్రదాయానికి కొనసాగింపు.

కాని ఆ వంశవృక్షం హక్కు కోరుతూ సమర్పించినది. హక్కుకు అక్కరలేని శాఖను అందులో విడిచిపెట్టి ఉండవచ్చు. దత్తత కుమారుడు కన్నకొడుకుగా మారి ఉండవచ్చు. ఆడపిల్లల సంతానం ఊసే లేకపోవచ్చు. ఈ ప్రమాదాన్ని న్యాయశాస్త్రం ముందే గుర్తించింది. 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షను, మరణించినవారు బంధుత్వం గురించి చేసిన ప్రకటనలను అంగీకరిస్తూనే, అవి వివాదం తలెత్తక ముందు చేసినవై ఉండాలనే నియమం పెట్టింది. కుటుంబ చరిత్రకారులకు ఇంతకంటే ఉపయోగపడే గీటురాయి లేదు. వంశవృక్షం దొరకగానే వేయవలసిన మొదటి ప్రశ్న, అది తగవుకు ముందరిదా, తరువాతిదా అన్నదే.

అదే చట్టం 90వ సెక్షను ముప్పై ఏళ్లు దాటి, తగిన సంరక్షణలో ఉన్న పత్రం విషయంలో సంతకం, రాత ఆయా వ్యక్తులవేనని భావించే వీలు కల్పించింది. ఈ భావన రాతకు సంబంధించినది. రాసిన విషయం సత్యమనే హామీ అందులో లేదు. పాతకాగితమన్న గౌరవంతో ఈ రెండింటినీ కలిపేయడం వల్ల అనేక కుటుంబ చరిత్రలు దారి తప్పుతాయి.

6. ‘బోయీ’: వృత్తా, కులమా?

బోయిగూడ వంటి చోట అత్యంత సున్నితమైన ప్రశ్న ఇది. దస్తావేజులో ఒక పూర్వీకుడి పేరు పక్కన ‘బోయీ’ అని ఉంటే దాన్ని ఎలా చదవాలి? 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఆంగ్లేయుల వాడుకలోని పల్లకీ మోసే ‘బాయ్’ అనే మాటను తెలుగు ‘బోయి’ అనే కులనామంతో ముడిపెట్టింది. థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల సంపుటాలలో బోయలను వేటతో, సైనిక వృత్తితో జోడించి వర్ణించాడు. పల్లకీ మోతను బెస్తల వృత్తులలోనూ చెప్పాడు. నిజాం రాజ్యపు కులాల గురించి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో వెలువరించిన గ్రంథంలో ‘భోయి’ చేపలు పట్టే, పల్లకీ మోసే సముదాయంగా కనిపిస్తుంది.

అంటే పల్లకీ బొంగు కింద భుజం పెట్టినవారందరూ ఒకే కులం వారని చెప్పలేం. ఒకే మాట ఒకచోట కులాన్ని, మరొకచోట కూలిపనిని సూచించింది. వలస పాలన నాటి గ్రంథాలు ఈ చలనాన్ని శీర్షికల కింద స్థిరపరచాయి. ఆ శీర్షికలతో దస్తావేజులోని మాటకు అర్థం చెప్పడం, ఆ అర్థంతో కుటుంబపు కులాన్ని తేల్చడం వలయాకార వాదమవుతుంది. పేట పేరును బట్టి నివాసుల మూలాన్ని ఊహించడం కూడా అంతే బలహీనమైనది. పేరు నిలిచిపోతుంది, కాపురాలు మారుతుంటాయి. 1874లో సికింద్రాబాద్‌కు రైలు వచ్చాక పల్లకీ ప్రయాణం వెనుకబడింది. స్టేషన్ చెంతనున్న పేటలో ఆ తరువాత స్థిరపడినవారికి పల్లకీతో ఏ సంబంధమూ ఉండనక్కరలేదు.

7. నమోదైనవారు, నమోదుకానివారు

సికింద్రాబాద్ దండులో పుట్టిన ఆంగ్ల సైనికుడి బిడ్డ జ్ఞానస్నానం, వివాహం, ఖననం వివరాలు మద్రాసు చర్చి నివేదికల ద్వారా లండన్ చేరాయి. నేటికీ వాటిని చూడవచ్చు. ఆ సైనికాధికారి పల్లకీని మోసినవారి జననమరణాలకు అలాంటి వరుస లేదు. జనాభా లెక్కలు ఈ లోటు తీర్చవు. హైదరాబాద్ సంస్థానంలో 1881 నుంచి జనగణన జరిగినా, కులాల వారీ మొత్తాలే నివేదికలకెక్కాయి. ఇంటింటి పత్రాలు పరిశోధకులకు మిగల్లేదు.

విదేశాలకు వెళ్లిన తెలుగు కూలీలతో పోల్చితే విషయం మరింత స్పష్టమవుతుంది. 1860 నుంచి 1911 వరకు నాటాల్‌కు చేరిన 1,52,184 మంది ఒప్పంద కూలీలలో మద్రాసు రేవు నుంచి వెళ్లిన తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఓడ జాబితాలలో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు సైతం నమోదయ్యాయి. ఫలితంగా దర్బాన్‌లో ఉన్న మునిమనవడికి తన ముత్తాత ఊరి పేరు దొరికే అవకాశం ఉంది. ఊరు విడవని కూలీ మునిమనవడికి ఆ అవకాశం తక్కువ. ఒప్పందపు సొమ్ము పెట్టిన ప్రభుత్వానికి పారిపోయిన కూలీని గుర్తుపట్టవలసిన అవసరం ఉంది కనుకనే ఆ వివరాలు అంత నిశితంగా రాశారు. నమోదు గౌరవానికి గుర్తు కానట్టే, నమోదు లేకపోవడం అప్రధానతకు గుర్తు కాదు.

8. హద్దుల వెంట పరిశోధన

మరి దస్తావేజు లేని కుటుంబాన్ని ఎక్కడ వెతకాలి? ఇతరుల దస్తావేజుల అంచులలో. ప్రతి క్రయపత్రంలోనూ చెక్కుబందీ ఉంటుంది. తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన బజారు, పడమర ఫలానావారి దొడ్డి, ఉత్తరాన బావి అని రాస్తారు. భూమి హక్కు లేకపోయినా, గుడిసె వేసుకుని ఉన్న మనిషి పొరుగువాడి హద్దుగా కాగితంలోకి ఎక్కుతాడు. సాక్షిగా వేలిముద్ర వేస్తాడు. ఆస్తుల సూచిక ద్వారా ఒకే వీధికి చెందిన దస్తావేజులను కాలక్రమంలో పేర్చి, హద్దులలోని పేర్లను మాత్రమే వేరుగా రాసుకుంటే, ఎవరి ఇల్లు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అక్కడ ఉందో, తండ్రి పేరు స్థానంలో కొడుకు పేరు ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. హద్దుల రాతకు మరొక బలం కూడా ఉంది. హద్దుగా పేరు రాసేటప్పుడు ఆ మనిషి వంశాన్ని నిరూపించవలసిన ప్రయోజనం ఎవరికీ లేదు. అందువల్ల హక్కు కోసం గీసిన వంశవృక్షం కంటే ఈ సాక్ష్యం కొన్ని సందర్భాలలో నమ్మదగినది.

9. ఉపసంహారం

వలస పాలన నాటి దస్తావేజులు కుటుంబ చరిత్రకు అనివార్యమైన ఆకరాలు. వాటిని విడిచిపెట్టడం ఎంత నష్టమో, విమర్శ లేకుండా స్వీకరించడం అంతే నష్టం. ఏ ప్రభుత్వపు కాగితమో, ఏ ఫస్లీయో ముందుగా తేల్చుకోవాలి. వంశవృక్షం తగవుకు ముందరిదో తరువాతిదో చూడాలి. కులసూచనను లేఖకుడి మాటగా మొదట పరిగణించి, ఇతర ఆధారాలు బలపరిచినప్పుడే కుటుంబపు మాటగా అంగీకరించాలి. ఇంటి పెద్దల జ్ఞాపకంలోని పిలుపు పేర్లను, పుట్టింటి ఊళ్లను కాగితాలతో సరిపోల్చి రాసుకోవాలి. బోయిగూడ అన్న పేరులో ఒక శ్రమ నిలిచింది. ఆ శ్రమ చేసినవారి పేర్లు దస్తావేజులలో రాసిచ్చినవారి, రాయించుకున్నవారి వరుసలలో దొరకడం అరుదు. నాలుగు దిక్కుల హద్దులను ఓపికగా చదివినవారికి వారిలో కొందరైనా దొరుకుతారు.