జూడ్‌కు వచ్చిన జవాబు

థామస్ హార్డీ నవల 'జూడ్ ది అబ్‌స్క్యూర్' గురించి మన సాహిత్య విద్యార్థులలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అది పెళ్ళిని గురించిన నవల అనీ, చదువు గొడవ మొదటి రెండు భాగాలతోనే తీరిపోతుందనీ. ఆ మధ్య మా ఊళ్ళో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో ఒక యువ అధ్యాపకుడు ఈ మాటను ఇంకొంచెం ముందుకు లాగి, జూడ్‌కు కాలేజీలో చోటు దొరక్కపోవడానికి అతని బలహీనతలే కారణమన్నారు. అరబెల్లా వ్యామోహంలో పడకుండా, తాగకుండా ఉండి ఉంటే అతను ఏనాడో పట్టభద్రుడయ్యేవాడట. అక్కడ నేను గట్టిగా ఏమీ అనలేకపోయాను. ఇంటికి వచ్చి నవల మళ్ళీ చదివాను.

1895లో పుస్తకంగా వచ్చిన ఈ నవలలో జూడ్ ఫాలీ అనాథ. రొట్టెల దుకాణం నడిపే ముసలి మేనత్త పంచన పెరిగాడు. రొట్టెలబండి తోలుతూ, గుర్రం దాని దారిన అది పోతుంటే, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని లాటిన్, గ్రీకు నేర్చుకున్నాడు. వ్యాకరణ పుస్తకం చేతికి వచ్చేదాకా అతను అనుకున్నదేమిటంటే, అందులో ఏదో ఒక సూత్రం ఉంటుంది, అది పట్టుబడితే తన భాషలోని మాటలన్నీ వాటంతటవే లాటిన్‌లోకి మారిపోతాయని. పుస్తకం తెరిచాక తెలిసింది, ఒక్కొక్క మాటా బట్టీ పట్టాలని. ఈ ఘట్టం చదివి నవ్వేవాళ్ళున్నారు. పల్లెటూరి బడిలో పాఠం చెప్పేవాడెవడూ నవ్వలేడు. ఇంగ్లీషు గ్రామరు చేతికి అందిన రోజున మా పిల్లల ముఖాల్లోనూ ఇదే ఆశ, తర్వాత ఇదే దిగులు.

రాతిపని నేర్చుకుని జూడ్ క్రైస్ట్‌మినిస్టర్ చేరతాడు. అది ఆక్స్‌ఫర్డ్‌కు హార్డీ పెట్టిన పేరు. పగలు కాలేజీల గోడలకు రాళ్ళు చెక్కడం, రాత్రి చదువు. చివరికి ధైర్యం చేసి ఐదుగురు కాలేజీ అధిపతులకు ఉత్తరాలు రాస్తాడు. ఆ ఐదుగురిని ఎలా ఎంచుకున్నాడు? వీధిలో వాళ్ళ ముఖాలు చూసి! ముఖంలో కాస్త దయ, దూరదృష్టి కనిపించిన వాళ్ళను ఏరుకున్నాడు. ఎవరిని అడగాలో చెప్పే మనిషి కూడా లేడని హార్డీ వ్యాఖ్యానం అవసరం లేకుండానే చెప్పాడు.

ఐదుగురిలో ఒక్కడు జవాబిచ్చాడు. బిబ్లియోల్ కాలేజీ అధిపతి. అసలు సంగతి రెండే వాక్యాలు. నీ ఉత్తరం ఆసక్తితో చదివాను. నువ్వు శ్రామికుణ్ణని చెప్పుకున్నదాన్ని బట్టి, నీ పరిధిలోనే ఉండి నీ పని పట్టుకుని ఉంటే బాగుపడతావు, అదే నా సలహా. కింద చిరునామాలో జూడ్ పేరు, పక్కనే అతని వృత్తి.

ఈ ఉత్తరాన్ని మన అధ్యాపక మిత్రుడు జాగ్రత్తగా చదవలేదనుకుంటాను. రాసిన పెద్దమనిషికి అరబెల్లా సంగతి తెలియదు. తాగుడు సంగతి తెలియదు. జూడ్‌కు గ్రీకు ఎంత వచ్చో తెలియదు, అడగనూ లేదు. తెలిసింది ఒక్కటే, అతను రాళ్ళు చెక్కుతాడని. తీర్పుకు అది చాలింది. పైగా తిట్టలేదు, కసరలేదు. మర్యాదగా, మేలుకోరి చెప్పినట్లే చెప్పాడు. తిడితే తిరగబడవచ్చు. సలహాకు ఏం జవాబు చెబుతాం? జూడ్ చెప్పిన జవాబు, పనికోసం జేబులో పెట్టుకునే సుద్దముక్కతో ఆ కాలేజీ గోడమీద బైబిలులోని యోబు గ్రంథం నుంచి ఒక మాట రాయడం. నాకూ మీకున్నంత వివేకం ఉందని చెప్పే మాట అది.

అయితే జూడ్‌ను మచ్చలేని అభ్యర్థిగా నిలబెట్టడం కూడా పొరపాటే. మన అభ్యుదయ విమర్శలో ఆ అలవాటు ఉంది. శ్రామికుడు అనగానే అతనిలోని లోపాలన్నీ కడిగేస్తాం. జూడ్ చదువు గతుకుల చదువు. ఒకరోజు చందమామ ముందు మోకరిల్లి హొరేస్ పద్యం చదువుతాడు, మర్నాటికి అది క్రైస్తవుడికి తగదనిపించి మత గ్రంథాలకు మళ్ళుతాడు. ఏది ముందో ఏది వెనకో చెప్పేవాడు లేడు. స్కాలర్‌షిప్ పోటీలో, చిన్ననాటినుంచీ శిక్షకుల దగ్గర తర్ఫీదైన వాళ్ళతో నిలవలేనని అతనికే తెలుసు. డబ్బు పెట్టి చేరాలంటే, కూలిలోంచి మిగిల్చుకోవడానికి పదిహేనేళ్ళు పడుతుందని లెక్క వేసుకుంటాడు. అంటే అతని లోపం నిజమే. కాని ఆ లోపం ఎక్కడినుంచి వచ్చిందని అడగడం విమర్శకుడి పని.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పక తప్పదు. నేను ఇంటర్ పూర్తిచేయలేదు. 1982లో మన రాష్ట్రంలో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అర్హతా పరీక్ష రాసినవాళ్ళను డిగ్రీలో చేర్చుకునేది. ఆ తోవన వచ్చినవాణ్ణి. తర్వాత వేరొక చోట తెలుగు ఎం.ఏ.కు ఇంటర్వ్యూకు వెళితే, బల్ల అవతలి పెద్దాయన నా కాగితాలు తిరగేసి "ఇంటర్ మెమో ఏదీ?" అన్నారు. చెప్పాను. ఆయన పక్కాయనవైపు తిరిగి "ఈ బాపతు" అన్నారు. నన్నయ గురించి అడుగుతారని రాత్రంతా చదువుకుని వెళ్ళాను, ఒక్క ప్రశ్నా అడగలేదు. సీటు వచ్చింది లెండి, ఆ ఏడు అభ్యర్థులు తక్కువ. కాని బిబ్లియోల్ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు ఆ రెండు మాటలే వినిపిస్తాయి.

హార్డీ మీద నాకున్న ఫిర్యాదు వేరు. నవలలో ఒకచోట జూడ్ రాతిపని జరిగే ఆవరణలో నిలబడి, ఇక్కడి శ్రమ కాలేజీల్లోని పాండిత్యానికి ఏమాత్రం తీసిపోదని ఒక్క క్షణం గ్రహిస్తాడు. అంతలోనే పాత కల మళ్ళీ కమ్ముకుని ఆ ఎరుక జారిపోతుంది. ఎంత గొప్ప ఘట్టం! అక్కడినుంచి నవల ఇంకో దారి పట్టవచ్చు. ఆ ఆవరణలో జూడ్‌తోబాటు రాళ్ళు చెక్కినవాళ్ళున్నారు. వాళ్ళలో చదువుమీద మనసున్నవాడు ఒక్కడైనా లేడా? హార్డీ వెతకలేదు. తన కథానాయకుణ్ణి ఒంటరివాణ్ణి చేసి, ఒంటరివాడు కాబట్టి ఓడిపోయాడన్నట్లు నడిపించాడు. వర్గాన్ని చూసిన కన్ను, వర్గంలోని మనుషుల్ని చూడలేదు. ఆ తర్వాత దెబ్బమీద దెబ్బ, పిల్లల చావులతో సహా, విధి చేతిలోనివిగా కనిపించడానికి కారణం ఇదే.

అయినా చివరి భాగాల్లో చదువు గొడవ తీరిపోయిందనడం తప్పు. జబ్బుపడి రాతిపని చేయలేని జూడ్ కేకులు చేస్తాడు, వాటిని క్రైస్ట్‌మినిస్టర్ కాలేజీల కిటికీల, గోపురాల ఆకారంలో మలుస్తాడు. సూ వాటిని సంతలో అమ్ముతుంది. లోపలికి పోనివ్వని భవనాలను పిండితో కట్టి పొట్ట పోసుకోవడం! ఇక ఉత్సవం రోజున వీధిలో గుంపుతో మాట్లాడుతూ జూడ్, తాను ఒక్క తరంలో చేయబోయిన పని రెండు మూడు తరాలు పట్టేదని అంటాడు. తన ఆవేశాలు బలమైనవని కూడా ఒప్పుకుంటాడు. మన మిత్రుడు రెండో మాటే విన్నారు.

చావుకు ముందు జూడ్ ఇంకొకటి కూడా అంటాడు, తనలాంటివాళ్ళకు విశ్వవిద్యాలయం తలుపులు కొంచెం తెరిచే ప్రయత్నాలు జరుగుతున్నాయట అని. 1899లో ఆక్స్‌ఫర్డ్‌లో శ్రామికుల కోసం రస్కిన్ కాలేజీ వెలిసింది. దానికి జూడ్ పేరు పెట్టవలసిందని కొందరన్నట్లు హార్డీ 1912లో నవలకు చేర్చిన మాటల్లో రాసుకున్నాడు. ఆయన స్వయంగా ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. వాస్తుశిల్పి దగ్గర పని నేర్చినవాడు.

ఐదుగురిలో మిగతా నలుగురూ జవాబు రాయలేదు. వాళ్ళను గురించి నవలలో మళ్ళీ ప్రస్తావన రాదు.