డిచ్‌పల్లి కథలో రోగి ఎక్కడ?

క్రైస్తవ విశ్వాసుల జీవిత కథలు మన దగ్గర చాలావరకు ఒకే మూసలో నడుస్తాయి. దేవుడు పిలిచాడు, కష్టాలొచ్చాయి, సేవ చేశారు. విశ్వాసం కనబడుతుంది గానీ దాని వెనకున్న ఆలోచన కనబడదు. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి కథనూ ఇట్లనే చెబుతున్నారు. దాన్ని వేరేగా చదవాలని మేము అంటున్నాం.

ఇసబెల్ కెర్ అబర్దీన్‌లో వైద్యం చదివిన స్కాట్లండ్ డాక్టర్. భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చింది. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి మొదలైంది. నర్సాగౌడ్ అనే హిందువు విరాళమిచ్చాడు. ఆమె 1932లో చనిపోయింది. ఇంతవరకు అందరూ చెప్పేదే.

అసలు సంగతి వైద్యంలో ఉంది. కుష్ఠు పూర్వజన్మ పాపమని ఊరు అనేది. బైబిలు చదివేవాళ్ళలో దేవుని శాపమన్నవాళ్ళూ ఉన్నారు. అది సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బని 1873లోనే హాన్సెన్ చూపించాడు. కెర్ ప్రార్థనతో ఆగలేదు, హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లు చేపట్టింది. ఆ మందుకు పరిమితులున్నాయి. గట్టిగా పనిచేసే సల్ఫోన్ మందులు 1940లలో గానీ రాలేదు. అయినా అక్కడ రోగి పాపి కాడు, వైద్యం అందాల్సిన మనిషి. హేతువుతో నడిచిన విశ్వాసమంటే మాకు ఇదే.

అయితే 1938లో డెర్మాట్ మోనహన్ రాసిన పుస్తకం పేరు చూడండి: ‘ది లెపర్స్ ఆఫ్ డిచ్‌పల్లి’. రోగులకు జబ్బే పేరయింది. కులమే పేరుగా బతికిన మాల మాదిగలకు ఇది కొత్త కాదు. జబ్బు తెచ్చిన వెలికి ఇంజెక్షన్ ఉంది, కులం తెచ్చిన వెలికి ఏముంది?

ఈ ప్రశ్న అంబేద్కర్ ముందే వేశాడు. మిషన్ల సేవను గుర్తిస్తూనే, చర్చిలో కులం పోలేదని, మతం మారిన అంటరానివాళ్ళ అన్యాయాల మీద క్రైస్తవ సమాజం పోరాడలేదని నిలదీశాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులకు ఇంకా తెరవలేదు.

పక్కనే బోధన్ ఉంది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015లో మూతపడింది. చెరకు నరికే కూలి రేటు, కార్మికుని జీతం బకాయి కూడా విశ్వాసానికి సంబంధించిన విషయాలే. సేవ చేసేవాళ్ళు వీటి మీద మాట్లాడకపోతే అది సగం సేవే.

విద్యార్థులకు, టీచర్లకు మా మాట ఒకటే. డాక్టర్ల కథ పుస్తకాలకెక్కింది. డిచ్‌పల్లి రోగుల పిల్లలు, మనుమలు ఏమి నమ్మారో, ఎందుకు నమ్మారో, ఎక్కడ ఎదురు ప్రశ్న వేశారో వాళ్ళ నోటనే రాసుకోవాలి. ఆ పని మొదలుపెడదాం.