అవ్వ మాట కంప్యూటర్లోకి ఎక్కాలంటే: ఒక పరీక్ష, నాలుగు ప్రశ్నలు

చెన్నై తెలుగు మాటలు పోతున్నాయి, కంప్యూటర్లో ఎక్కించి దాచుకుందాం అని మనం అందరం అంటున్నాం. సాధనాలు ఉన్నాయి గదా అని కూడా అంటున్నాం. ఉన్నాయి, కాదనను. అయితే అవి ఎవరి చేతికి అందుతాయి? దీన్ని తేల్చడానికి సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గరే ఒక పద్ధతి ఉంది. పేరు కాగ్నిటివ్ వాక్‌త్రూ. అంటే కొత్తగా వచ్చిన మనిషి ఏం ఆలోచిస్తాడో ఊహిస్తూ, అతని వెంట ఒక్కొక్క అడుగూ నడిచి చూడటం. నేను కామర్సు చదివినవాణ్ణి, ప్రోగ్రాములు రాయడం నాకు రాదు. ఈ పద్ధతికి అది అక్కర్లేదు కూడా.

1990లో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు, క్లేటన్ లూయిస్, పీటర్ పోల్సన్, క్యాథ్లీన్ వార్టన్, జాన్ రీమన్, దీన్ని ప్రతిపాదించారు. ఎవరూ నేర్పకుండా నేరుగా వచ్చి వాడాల్సిన యంత్రాల కోసం మొదట తయారైన పద్ధతి ఇది. అలాంటి యంత్రం అంటే మా బ్యాంకువాళ్ళకు వెంటనే తట్టేది ఏటీఎం. ఏటీఎంకు ట్రైనింగు క్లాసు పెట్టరు. గాజు తలుపు తోసుకుని వచ్చిన మనిషి తెర మీద మాటలు చూసి తానే దారి వెతుక్కోవాలి.

పద్ధతి ఇట్లా నడుస్తుంది. ముందు వాడుకరి ఎవరో, అతనికి ఏం తెలుసో, ఏం తెలియదో రాసుకోవాలి. తర్వాత ఒక పని ఎంచుకోవాలి. ఆ పనికి సరైన అడుగులు వరసగా రాయాలి. ఇక ప్రతి అడుగు దగ్గరా ఆగి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇక్కడ ఈ పని చెయ్యాలని అతనికి తోస్తుందా? దానికి కావలసిన బొత్తాం కంటికి కనిపిస్తుందా? ఆ బొత్తామే తనకు కావలసిందని పోల్చుకుంటాడా? నొక్కాక, పని ముందుకు సాగిందని అతనికి తెలుస్తుందా?

మూడో ప్రశ్నకు ఒక ఉదాహరణ. ఏటీఎం తెర మీద 'సేవింగ్స్', 'కరెంట్' అని రెండు గళ్ళు వస్తాయి. నేను శాఖలో ఉన్న రోజుల్లో ఒకరిద్దరు ఖాతాదారులు "కరెంటు బిల్లు ఇక్కడే కట్టొచ్చా సార్?" అని అడిగారు. గడి ఉంది, కంటికి కనిపిస్తోంది, చదవనూ వచ్చు. మాట ఒకటే, మనిషి దాన్ని ఎరిగిన అర్థం వేరు. తప్పు మనిషిదని తేల్చేయడం సులభం. ఆ పేరు పెట్టినవాడు ఎవరిని తలుచుకుని పెట్టాడని అడిగిస్తుంది ఈ పద్ధతి. నాకు నచ్చింది అదే.

ఇప్పుడు మన వాడుకరిని రాసుకుందాం. కొండితోపులోనో చూళైలోనో పుట్టి పెరిగిన అరవై అయిదేళ్ళ ఆవిడ. బడిలో తమిళం, కొంచెం ఇంగ్లీషు చదువుకుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ తెలుగు అక్షరం రాదు. ఇది అరుదైన మనిషి కాదు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 42 లక్షల పైచిలుకు. వాళ్ళలో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎందరని ఆ లెక్క చెప్పదు. మీ బంధువుల్లో పదిమందిని తలుచుకోండి, తెలిసిపోతుంది. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత బడికెళ్ళిన పిల్లల సంగతి సరేసరి. ఆవిడ మనవలు కూడా ఈ విషయంలో ఆవిడలాంటివాళ్ళే, వేళ్ళు కొంచెం చురుకు, అంతే.

పని: ఆవిడ రోజూ అనే 'ఉండాది' అనే మాటను, అర్థంతో, "బువ్వ ఉండాది" అనే ప్రయోగంతో తెలుగులో ఎక్కించడం. 'ఉంది' అనే చోట 'ఉండాది' అనడం చిత్తూరు వైపు కూడా వినిపిస్తుంది. మన ఉత్తర చెన్నై ఇళ్ళలో ఇది మామూలు మాట.

మొదటి దారి ఇన్‌స్క్రిప్టు కీబోర్డు. 1986లో ప్రభుత్వం తరఫున రూపొందింది. అన్ని భారతీయ లిపులకూ ఒకే అమరిక, అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు. 'ఉండాది'కి ఆరు మీటలు చాలు. లెక్క ప్రకారం ఇంతకంటే పొదుపైన దారి లేదు. కాని రెండో ప్రశ్న దగ్గరే బండి ఆగిపోతుంది. బజారులో కొన్న కీబోర్డు మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, 'డ' ఎక్కడుందో రాసి లేదు. తమిళంలో ఇదే అమరికకు అలవాటుపడిన వేళ్ళు ఉంటే కొంత దొరికేది. కాని తమిళనాడు ప్రభుత్వం 1999లో ఆమోదించింది తమిళ్‌99 అనే వేరే అమరికను. కాబట్టి ఆ లాభమూ ఆవిడకు లేదు.

రెండో దారి ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడేది. లేఖిని అందరికీ తెలిసిందే. ఇలాంటి సాధనాలకు ఆధారం రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీఎస్ లిప్యంతరీకరణ. తెలుగు చదవగలిగినవాడికి ఇది వరమే, ఇంటర్నెట్టులో తెలుగు ఇంతగా పెరగడంలో దీని పాలు పెద్దది. మన ఆవిడను కూర్చోబెడదాం. తమిళ అలవాటులో 'ట' వర్గానికి టి, డి రాస్తారు. 'త' వర్గానికి పక్కన ఒక హెచ్ చేరుస్తారు. ఆర్టీఎస్‌లో చిన్న డి అంటే ద, పెద్ద డి అంటే డ, హెచ్ చేరిస్తే ఒత్తక్షరం. ఆవిడ తన లెక్కలో శుద్ధంగా కొట్టినా 'డ' రావాల్సిన చోట 'ద', 'ద' రావాల్సిన చోట 'ధ' పడుతుంది. 'ఉండాది' కాస్తా 'ఉందాధి' లాంటిదేదో అవుతుంది. 'లేదు' అని కొట్టబోతే, ఇ అక్షరం పెద్దది కావాలని తెలియక 'లెదు' అవుతుంది.

ఆంధ్రా నుంచి వచ్చిన కుర్రాడు కూడా మొదట్లో ఇవే తప్పులు చేస్తాడు గదా అనొచ్చు. చేస్తాడు. కాని తెరమీద 'లెదు' చూడగానే దిద్దుకుంటాడు, ఎందుకంటే చదవగలడు. సరిగ్గా ఇక్కడ ఉంది తేడా. నాలుగో ప్రశ్నకు ఈ సాధనం జవాబు చాలా బాగుంటుంది, కొట్టిన వెంటనే తెలుగు కనిపిస్తుంది. అయితే ఆ జవాబు ఆవిడకు రాని లిపిలో ఉంది. తప్పు పడినా ఒప్పు పడినా ఆవిడకు రెండూ గుండ్రటి అక్షరాలే. మామూలుగా పరీక్షించేవాళ్ళు ఈ అడుగుకు 'పాస్' అని టిక్కు పెట్టి ముందుకు పోతారు, ఎందుకంటే వాళ్ళకు తెలుగు చదవడం వచ్చు. వాడుకరి ఎవరని మొదట రాసుకోకపోతే ఈ లోపం ఎప్పటికీ బయటపడదు.

మూడో దారి ఫోను. ఇందులో ప్రమాదం వేరే రకం. ఫోను తనకు తెలిసిన మాటలనే సూచిస్తుంది, అడక్కుండా దిద్దుతుంది. నా ఫోనులో ప్రయత్నిస్తే 'ఉండాది' దగ్గర 'ఉండేది', 'ఉండాలి' ముందుకు వచ్చాయి. నోటితో చెబితే 'ఉంది' అని పడింది. "బువ్వ ఉండాది" అంటే అన్నం ఉంది. "బువ్వ ఉండేది" అంటే ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. ఆవిడకు పని పూర్తయిందనే కనిపిస్తుంది, తెరమీద తెలుగు పడింది, పంపింది కూడా. మాట మాత్రం చేరలేదు, దాని బదులు పుస్తకాల తెలుగు చేరింది. ఇట్లా నూరుమంది పంపితే, చెన్నైలో 'ఉండాది' అనేవాళ్ళే లేరని రేపు ఎవరో పరిశోధకుడు లెక్క తీస్తాడు. ఇన్‌స్క్రిప్టు దగ్గర ఆవిడ ఆగిపోయింది, కనీసం అబద్ధం నమోదు కాలేదు. నన్నడిగితే మూడు దారుల్లో ఈ ఫోను దారే మాండలికానికి ఎక్కువ నష్టం చేసేది.

సరే, ఎవరో మనవడు పక్కన కూర్చుని మాట సరిగ్గా కొట్టించాడనుకుందాం. తెలుగు విక్షనరీ పుటల్లో మామూలుగా ఉండే శీర్షికలు చూడండి: భాషాభాగం, వ్యుత్పత్తి, బహువచనం, అర్థ వివరణ, పద ప్రయోగాలు, మూలాలు. నిఘంటువుకు ఇవన్నీ ఉండాల్సినవే, తప్పుపట్టను. కాని మొదటి ప్రశ్న వేసి చూడండి. ఆవిడ దగ్గర ఉన్నది అర్థం, ప్రయోగం. అవి కిందెక్కడో ఉన్నాయి. ముందు ఎదురయ్యేది వ్యుత్పత్తి. 'ఉండాది' వ్యుత్పత్తి ఏమిటని నన్నడిగినా తడుముకుంటాను. ఇక మూలాల దగ్గర ఏం రాయాలి? "మా అమ్మ అనేది" అని రాయొచ్చా? ఏ వీధిలో, ఏ కులంలో, ఏ తరంలో ఈ మాట విన్నారని అడిగే గడి మాండలికానికి ప్రాణం. ఈ శీర్షికల్లో అది లేదు.

ఇదివరకు ఈ బరువు మోసింది వేరేవాళ్ళు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. దానికోసం సేకర్తలు ఊళ్ళకు పోయి రైతుల నోట విని రాసుకున్నారు. రైతుకు చదువు వచ్చా రాదా అన్న ప్రశ్నే లేదు. ఇప్పుడు సేకర్త పని మాట చెప్పేవాళ్ళ మీదే పడింది. బ్యాంకులో క్యాషియర్ పనిని ఏటీఎం ఖాతాదారు చేతిలో పెట్టినట్టే. అందుకే ఏటీఎం కోసం పుట్టిన పరీక్ష మన నిఘంటువులకు ఇంత బాగా అతుకుతుంది.

సి.పి. బ్రౌన్ ఇదే మద్రాసులో 1852లో తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు. అదే ఏడు జిల్లా డిక్షనరీ అని ఇంకొకటి తెచ్చాడు, ఇంగ్లీషు అక్షరాల్లో. కచేరీ వ్యవహారాల్లో వినిపించే దేశీ మాటలను, మన లిపి రాని దొరలు వెతుక్కోవడానికి. లిపి రానివాడికి విన్న మాట దొరికేదెట్లా అని ఆలోచించి చేసిన పుస్తకం అది. దొర కోసం చేసిన ఆలోచన అవ్వ కోసం ఎందుకు చెయ్యరని అడగడం అత్యాశ కాదనుకుంటా.

పద్ధతిలోనూ లోపాలున్నాయి. 1991లో రాబిన్ జెఫ్రీస్ బృందం నాలుగు రకాల పరీక్షలను పోల్చి చూసింది. పైపైన అంతటా మళ్ళీ మళ్ళీ వచ్చే ఇబ్బందులు ఈ వాక్‌త్రూకు అందడం లేదని తేలింది. ఒక్క పని వెంట నడిచేవాడికి పక్క సందు కనపడదు, సహజమే. సమయం ఎక్కువ పడుతుందని కూడా గోల. 2000లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన రిక్ స్పెన్సర్ నాలుగు ప్రశ్నలను రెండు చేశాడు: ఇక్కడ ఏం చెయ్యాలో తెలుస్తుందా, చేశాక సరిగ్గా చేశానని తెలుస్తుందా. ఆఫీసులో అది చాలేమో. మనకు మాత్రం మూడో ప్రశ్నను విడిగా ఉంచుకోవడమే మంచిదనిపిస్తుంది, 'డ', 'ద'ల గొడవంతా బయటపడింది అక్కడే గదా.

నా అసలు అభ్యంతరం ఇంకొకటి. ఈ పద్ధతికి 'సరైన అడుగుల వరస' ముందే కావాలి. మాండలికంలో సరైనది ఏదో ఎవరు చెప్పాలి? ఒకరింట్లో 'ఉండాది', పక్కింట్లో 'వుండాది', ఇంకో ఇంట్లో చివరి అచ్చు సగమే పలుకుతారు. ఏటీఎంలో వెయ్యి రూపాయలు అంటే వెయ్యే. ఇక్కడ మూడు రూపాలూ సరైనవే, మూడూ నమోదు కావాలి. పరీక్షించేవాడు ఒక వరస రాసుకోగానే మిగతా రెండు ఇళ్ళూ తప్పు దారిలో ఉన్నట్టు లెక్కలోకి వస్తాయి. కాబట్టి అడుగుల వరస రాసేటప్పుడు "మాట కొట్టాలి" అని మాత్రమే రాసి, ఏ స్పెల్లింగో రాయకుండా వదిలేయాలి. పుస్తకంలో లేని సవరణే, కాని ఇది లేకుండా మన పని నడవదు.

మందు ఏమిటని అడుగుతారు. పరీక్ష నడుస్తుండగా డిజైన్ మాట్లాడకూడదని స్పెన్సర్ నియమం. పరీక్ష అయిపోయింది గనక చెప్తున్నా. పడిన మాటను తమిళ లిపిలో తిరిగి చూపిస్తే? 'ఉండాది'కి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తమిళంలో మూర్ధన్య అనునాసికం పక్కన ట రాస్తే డ అనే చదువుతారు, అచ్చుల మధ్య త రాస్తే ద అనే చదువుతారు. కాని 'బువ్వ' రాస్తే మాట మొదట్లో ప, బలకు ఒకటే అక్షరం, ఆవిడకు 'పువ్వ' అని వినిపిస్తుంది. కాబట్టి లిపి కంటే గొంతు మేలు. ఆవిడ మాటను ఆవిడ గొంతుతోనే ముందు నమోదు చేసుకుని, రాయడం ఇంకొకరికి వదిలితే, నాలుగో ప్రశ్నకు జవాబు ఆవిడ చెవికే అందుతుంది. ఫోను దిద్దుబాటును ఆపేసే మీట కూడా పైనే, పెద్దగా ఉండాలి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒకరిని కూర్చోబెట్టి, ఒక్క మాట ఎక్కించమని అడగండి. సాయం చెయ్యకండి, చెయ్యి ఎక్కడ ఆగిందో మాత్రం రాసుకోండి. ఏ పేట, ఏ మాట, ఏ అడుగు దగ్గర ఆగింది, చివరికి తెర మీద ఏం పడింది, ఈ నాలుగు సంగతులు పంపితే చాలు. నేను 'బువ్వ', 'పొరక', 'ఆడ', 'ఈడ' తీసుకుంటున్నాను.