మసక అద్దంలో మహానగరం

న్యూయార్క్‌ మేడలు ఫొటోగ్రాఫర్ సాల్ లైటర్ కంటికి ఆనలేదు. 1946లో, మతవిద్య వదిలి, చిత్రకారుడవుదామని ఆ నగరం చేరిన ఈయన దశాబ్దాల పాటు ఎక్కువగా తన ఇంటి చుట్టుపక్కల ఈస్ట్ విలేజ్ వీధులనే ఫొటోలు తీశాడు. ఆవిరి పట్టిన కిటికీ, మంచులో ఎర్ర గొడుగు, నల్లటి పందిరి కింద నడిచే మనిషి. కళకు నలుపు తెలుపే మర్యాద అనుకునే రోజుల్లోనే కలర్ ఫిల్మ్ పట్టాడు. ఒక్కోసారి గడువు తీరిన రీళ్లూ వాడేవాడు. వాటి రంగుల్లో ఏదో మెత్తదనం. ఫ్రేములో సగానికి పైగా గోడకో నీడకో వదిలేసి, మనిషిని ఓ మూలకు చేర్చేవాడు. మనం వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే మనసు నెమ్మదిస్తుంది. 2006లో ఆయన ‘ఎర్లీ కలర్’ పుస్తకం వచ్చేదాకా లోకం పెద్దగా పట్టించుకోలేదు. అయినా ఆయన పనితనం మెచ్చదగ్గది ఇందుకే: చూపు నిలిపితే సొంత వీధిలోనే జీవితానికి సరిపడా బొమ్మలున్నాయని చేసి చూపించాడు.