వానకు ముందే మిద్దె ఎక్కాలి

హిందూపురంలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే కొనేవారు వాకిలి ఏ దిక్కుకు ఉందో చూస్తారు, లింకు డాక్యుమెంట్లు తిరగేస్తారు, బోరు ఎన్ని అడుగులు వేశారో అడుగుతారు. ఇవన్నీ అడగవలసినవే. కానీ నిచ్చెన వేసుకుని పైకప్పు మీదికి ఎక్కి చూసేవారు, గోడకు చెమ్మ ఎటు నుంచి వస్తోందని ఆరా తీసేవారు అరుదు. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదుల్లో ఇంటిని పరీక్షించి నివేదిక రాసిచ్చే సంస్థలు వచ్చాయి. ఇది పట్నం నుంచి వచ్చిన కొత్త సేవ అని మనవాళ్లు అనుకుంటున్నారు. నిజానికి ఇంటిని ఏటేటా తడిమి చూసుకోవడం మన రాయలసీమకు పాత అలవాటు. మట్టి మిద్దె తరాల తరబడి నిలిచిందంటే దాని వెనక ఆ అలవాటే ఉంది. సిమెంటు స్లాబు వచ్చాక మట్టితో పాటు పరీక్షను కూడా వదిలేశాం. మట్టిని వదిలినా నష్టం లేదేమో గాని, పరీక్షను వదలడం మాత్రం పెద్ద నష్టం.

మట్టి మిద్దె నిర్మాణం ఎలా ఉంటుందో తెలిస్తే ఆ పరీక్ష ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. మందపాటి రాతి గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటిపై సన్నకట్టెలో రాతి బండలో పేరుస్తారు. ఆకులు పరిచి మట్టి పోసి అణగగొడతారు. అన్నిటికన్నా పైన పరిచేది చవుడు. పొలంలో ఉంటే పైరును ఎదగనివ్వని ఈ నేల మిద్దె మీద మాత్రం గొడుగు పని చేస్తుంది. చవుట్లో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి సన్నటి సందులను పూడ్చేస్తాయి. అందుకే మొదటి జల్లుకు పైపొర మెత్తబడి మూసుకుపోతుంది, ఆ తర్వాత పడ్డ నీరు లోపలికి ఇంకకుండా వాలు వెంట దోనెలోకి జారిపోతుంది. పంటకు శాపమైన గుణాన్నే ఇంటికి రక్షణగా మార్చుకున్న తెలివి ఇది. ప్రయోగశాల లేకుండానే మట్టి స్వభావాన్ని చదివిన జనం వాళ్లు.

అయితే చవుడు శాశ్వతం కాదు. ఎండకు బీటలు వారుతుంది, గాలికి లేచిపోతుంది, వానకు కొట్టుకుపోతుంది. అందుకే మృగశిర కార్తె లోపలే మిద్దె ఎక్కి చూడటం ఆనవాయితీ అయింది. ఎక్కినవారు చూసేదానికి ఒక వరస ఉంది. పైన గడ్డి మొలిచిందా చూడాలి, ఎందుకంటే వేరు దిగిన చోటే నీరు దిగుతుంది. ఎలుక బొరియలు, పిట్టగోడ మొదట్లో విడిన సందులు, వెలుతురు కోసం పైకప్పులో వదిలే గవాచి అంచులు, దోనెల్లో పూడిక, ఒక్కొక్కటీ చూడాలి. తర్వాత కిందికి దిగి దూలాలను తట్టాలి. గట్టి కొయ్య ఖంగుమంటుంది, చెద తిన్నది డొల్లగా మోగుతుంది. ముఖ్యంగా దూలం గోడలో దిగిన కొసల దగ్గర మేకు గుచ్చి చూడాలి. చెమ్మ నిలిచేది, పుచ్చు మొదలయ్యేది అక్కడే. ఈ పరీక్షలో ఇంకో సూక్ష్మం ఉంది. పాత చవుడు గీకకుండా ఏటా కొత్తది పోసుకుంటూ పోతే బరువు పెరిగిపోతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది మీద ఒక్క అంగుళం మందాన పోసిన మట్టి సుమారు అర టన్ను తూగుతుంది. పదేళ్లు అలాగే పోస్తే అయిదు టన్నులు. అది వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. దూలం మధ్యలో కుంగిందా లేదా అని కింద నుంచి దారం పట్టి చూసేది అందుకే. నీరు ఎటు పోతోంది, బరువు ఎటు దిగుతోంది అన్న రెండు ప్రశ్నలే ఈ పరీక్షకు ప్రాణం. నేటి ఇంజినీరు పరికరాలతో వెతికేదీ ఈ రెండింటి జవాబే.

ఇది కరువు సీమ, వానే అంతంతమాత్రం, ఇంత శ్రద్ధ దేనికని అడగవచ్చు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుందన్నది నిజమే. కానీ ఇల్లు సగటు వానకు కూలదు, ఒక్క రాత్రి కురిసిన వానకు కూలుతుంది. ఇక్కడ వాన ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో, అదీ కొద్ది రోజుల్లోనే దంచి కొడుతుంది. నెలల తరబడి ఎండకు విచ్చుకున్న పగుళ్లలోకి అంత నీరు ఒక్కసారిగా దిగుతుంది. 2021 నవంబరులో భారీ వర్షాలకు ఇదే సీమలోని కదిరిలో ఒక భవనం కూలి పిల్లలతో సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. పట్టు నేసే ధర్మవరంలో ఇల్లంటే పని చోటు కూడా. నేతగాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంత నేలమట్టానికి దిగువన ఉంటుంది. వీధి నీరో, గోడ వెంట ఊరే నీరో ముందుగా చేరేది ఆ గుంతలోకే. పైకప్పు ఉరిస్తే పట్టు మీద మరక పడుతుంది, పడుగు పాడవుతుంది, కొన్నాళ్ల కూలి పోతుంది. వాన తక్కువ కాబట్టి పరీక్ష అక్కర్లేదన్న మాట ఈ ఊళ్లలోనే నిలవదు.

గోడల విషయానికి వస్తే, పగులు తాను పుట్టిన కారణాన్ని తన ఆకారంలోనే చూపిస్తుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పాకే పగులు పునాది ఒకవైపు దిగిందనడానికి గుర్తు. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే సన్నగీత చాలాసార్లు రెండు వేర్వేరు పదార్థాలు ఎండకు వేర్వేరుగా సాగడం వల్ల వచ్చినదే, దానికి భయపడనక్కర్లేదు. పగులు బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయడం, లేదా అడ్డంగా గాజుముక్క అతికించి అది విరుగుతుందేమో చూడటం మేస్త్రీలకూ ఇంజినీర్లకూ తెలిసిన పద్ధతే. హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల రాతి మీద పరుచుకున్న ఎర్రనేలలు పునాదికి మేలు చేస్తాయి. చెరువు ముంపులోనో పాత వాగు పక్కనో వేసిన లేఅవుటు అయితే నేల బంకమట్టి కావచ్చు. తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఆ నేలలో పునాది లోతు అడిగి తీరాలి. చెమ్మకూ ఇలాగే ఒక లెక్క ఉంది. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు ఉప్పు తేలి పెచ్చులు రాలుతుంటే అది పునాది నుంచి పీల్చుకున్న తడి. స్లాబు అంచున మరక ఉంటే పైకప్పుది. గోడ మధ్యలో ఉంటే అటువైపున్న పైపుది.

పాత ఇళ్లను కొనేవారు మరో సంగతి చూడాలి. విజయనగర పాలకులు 1565 తర్వాత రాజధానిగా చేసుకున్న పెనుకొండలో గగన్ మహల్ వంటి కట్టడాలు రాయి, సున్నంతో నిలిచి ఉన్నాయి. సున్నపు పూత తనలోకి వచ్చిన తడిని తిరిగి గాలిలోకి వదులుతుంది. మట్టితో కట్టిన పాత రాతి గోడకు ఈనాడు బలం కోసమని సిమెంటు పూత పూస్తే ఆ దారి మూసుకుపోయి తడి గోడలోనే నిలిచి ఇంకా పైకి ఎక్కుతుంది. పైకి నున్నగా, కొత్తగా కనిపించే అలాంటి గోడను తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. కొత్త రంగు వేసిన ఇంటిని రెండింతల శ్రద్ధగా చూడమని అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెప్పడంలో అర్థం ఇదే.

స్లాబు ఇంటికి ఈ బాధలేవీ లేవన్నది రెండో అభ్యంతరం. స్లాబు గట్టిదే. కానీ దాని శత్రువు దాని లోపలే ఉన్న ఇనుము. కమ్మీకి తడీ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కోరుతుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి పగలగొట్టి పెచ్చులూడదీస్తుంది. అందుకే కమ్మీ మీద కాంక్రీటు కప్పు సాధారణంగా స్లాబులో 20, పిల్లరులో 40 మిల్లీమీటర్లు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదన్నదీ అందులోని నియమమే. బోరు నీరు ఉప్పగా ఉన్న చోట కట్టిన ఇంటికి ఈ ప్రశ్న తప్పనిసరి. స్లాబు అడుగున కమ్మీ వెంట బారుగా సాగిన పగులు, గోధుమరంగు మరక కనిపిస్తే లోపల తుప్పు మొదలైనట్టే. పైన బకెట్లతో నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూడాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే టన్ను. అది పిల్లరు మీద ఉందా, స్లాబు నడుమ ఉందా చూడాలి. కరెంటు సంగతీ చూడాలి. పొడినేలలో ఎర్తింగు సరిగా పనిచేయదు. ఎర్తు గుంతలో తడి ఉందో లేదో చూడాలి, లీకేజీకి కరెంటు ఆపే స్విచ్చు ఉంటే దాని టెస్టు బటన్ నొక్కి చూడాలి.

మేస్త్రీ చెవినీ కంటినీ ఎంతవరకు నమ్మగలమన్నది మూడో అభ్యంతరం, ఇందులో బలం ఉంది. తట్టి వింటే పూత డొల్లతనం తెలుస్తుంది గాని పిల్లరులో కమ్మీలు ఎన్ని ఉన్నాయో తెలియదు. పునాది దిగిన ఇంటికీ, పై అంతస్తు వేయదలచిన ఇంటికీ స్ట్రక్చరల్ ఇంజినీరు రావలసిందే. కానీ ఇంజినీరును ఎప్పుడు పిలవాలో చెప్పేది ఏటేటా చూసే కన్నే. రెండూ పోటీ పడేవి కావు, ఒకదాని తర్వాత ఒకటి రావలసినవి. వాస్తు చూపించాం కదా అనేవారి నమ్మకాన్ని కాదనక్కర్లేదు. అది దిక్కులు చూస్తుంది గాని తుప్పును చూడదు. చట్టం ఉంది కదా అంటే, 2016 నాటి రెరా చట్టం ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాలను బిల్డరే ఉచితంగా సరిచేయాలంటోంది. కానీ 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టినవి, ఎనిమిది ఫ్లాట్లు మించనివి రిజిస్ట్రేషన్ పరిధిలోకి రావు. మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లు సొంతంగా మేస్త్రీతో కట్టించుకున్నవే. అక్కడ కొనేవారి జాగ్రత్తే రక్షణ.

పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల అద్దెకూ అమ్మకానికీ కొత్త కట్టడాలు లేచాయి. త్వరగా కట్టినవాటిని మరింత నిదానంగా చూడాలి. పంచాయతీలు, మున్సిపాలిటీలు జూన్‌కు ముందే పాత ఇళ్లను, బడులను ఒకసారి చూసే ఏర్పాటు చేయాలి. పాత మిద్దెలు ఎరిగిన మేస్త్రీలను, యువ ఇంజినీర్లను కలిపి పంపితే ఇద్దరి విద్యా నిలుస్తుంది. ప్రభుత్వం చేసేలోగా ప్రతి ఇంటివారూ చేయగల పని ఒకటుంది. మీ ఇల్లు మట్టిదైనా, రాతిదైనా, స్లాబుదైనా మృగశిర లోపల ఒక ఉదయం మేస్త్రీని వెంటబెట్టుకుని పైకి ఎక్కండి, చూసినది తేదీతో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి, వచ్చే ఏడాది దానితో పోల్చి చూడండి. ఇల్లు కొనబోతున్నా ముందు పైకప్పు చూసి, ఆ తర్వాతే బయానా ఇవ్వండి.