పరువి నుంచి పరిగి దాకా

ఇంగ్లిష్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పిల్లోడు ‘నైఫ్’ను ‘క్నైఫ్’ అని చదివాడు. తరగతంతా నగింది. నేను ఆపలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది, ఎందుకంటే వాడు చదివింది పాత ఉచ్చారణ. సుమారు 400 ఏళ్ల కిందట ఇంగ్లండులోనూ ఆ ‘క’ పలికేవాళ్లు. 17వ శతాబ్దంలో అది నోటి నుంచి మెల్లగా జారిపోయింది. 1476లో అక్కడ అచ్చు మొదలయ్యాక గట్టిపడుతూ వచ్చిన స్పెల్లింగులో మాత్రం అక్షరం మిగిలింది. జర్మన్లు మోకాలిని నేటికీ ‘క్నీ’ అనే అంటారు.

ఇప్పుడు మాటల్లో శబ్దాలు ఎలా మారతాయో చెప్పే పాఠాన్ని మన ఊరు పరిగి చెరువు కట్ట మీద మొదలుపెడతాను. మనకు చెరువు, గౌరిబిదనూరు నుంచి వచ్చిన కన్నడ చుట్టానికి ‘కెరె’. మన చెవి వాళ్లకు ‘కివి’. కన్నడం పాత ‘క’ను అట్టే పెట్టుకుంది. తెలుగులో ఇ, ఎ ముందు అది ‘చ’ అయింది. కారణం నోట్లోనే ఉంది, పలికి చూడండి. ‘క’కు నాలుక వెనకభాగం లేస్తుంది, ‘ఇ’కి ముందుభాగం. రాబోయే అచ్చు కోసం నాలుక కాస్త తొందరపడి ముందుకు జరిగితే ‘చ’ పుడుతుంది. స్కాట్లండులో ‘కర్క్’ అనే మాట ఇంగ్లండులో ‘చర్చ్’ అయిందీ ఇలాగే. పెన్నా ఒడ్డున జరిగిందే థేమ్స్ ఒడ్డునా జరిగిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

‘ప’ దగ్గర కదిలింది కన్నడం. మన పాలు, పులి అక్కడ హాలు, హులి. పాత కన్నడంలో వాళ్లూ ‘ప’నే పలికేవాళ్లు. లాటిన్ ‘పాతెర్’కు ఇంగ్లిష్‌లో ‘ఫాదర్’ ఉండటం కూడా దీనికి దగ్గరి సంగతే: గట్టిగా మూసుకోవాల్సిన పెదవులు సడలాయి.

ఇక మన ఊరి పేరు. పెనుకొండలో దొరికిన గంగరాజుల రాగిరేకుల్లో ‘పరువి’ అనే సీమ పేరుంది. అది పరిగే అని చరిత్రకారులు గుర్తించారు. ‘వ’ ఉన్నచోట ‘గ’ నిలిచింది. పుస్తకంలో ‘నవ్వు’, మన నోట ‘నగు’ ఉన్నాయే, అక్కడా ఆ రెండు హల్లులే.

అందుకే పిల్లలు ‘ఎందుకు నగతావు’ అంటే ఇప్పుడు దిద్దను. బోర్డు మీద పరువి అని రాసి గట్టిగా చదివిస్తాను. దాని కింద పరిగి.